రాత్రి పూట పొయ్యి మీద ఏముంది?



మహాసభలో మాట్లాడమంటే అందరూ పొదుపు గురించి, బ్యాంకు లింకేజీ గురించి, స్త్రీనిధి గురించి చెప్తారు. మేము రాత్రి వంట గురించి చెప్తామంటే సీసీ మేడం నవ్వారు. "వంట ఎవరికి రాదు, దానికి మైకెందుకు?" అన్నారు. నిజమే, ఇక్కడ కూసున్న వాళ్లలో మాకంటే బాగా వండే అక్కలు చాలామంది ఉన్నారు. మేము వంట నేర్పడానికి రాలేదు. రాత్రి వంటకు, నెల కిస్తుకు ఏం సంబంధం ఉందో మాకు పోయినేడాది తెలిసింది. తెలవడానికి ముందు మేము ఒక తప్పు కూడా చేసినం. అది కూడా చెప్తాము.

మా సంఘంలో 11 మందిమి. ఎక్కువ మందిమి కూలికి పోయేవాళ్లమే. ఇద్దరు బీడీలు చేస్తారు, ఒకామె మిషన్ కుడుతుంది. పోయిన పత్తి సీజన్లో మా ఒక అక్క వరుసగా మూడు కిస్తులు కట్టలేదు. అడిగితే వచ్చే వారం, వచ్చే వారం అన్నది. ఆఖరికి మేము నలుగురం కలిసి రాత్రి ఎనిమిదింటికి ఆమె ఇంటికి పోయినం. పొయ్యి మీద అన్నం గిన్నె ఒక్కటే ఉంది. పక్కన బస్టాండు కాడి కర్రీ పాయింటు నుంచి తెచ్చిన రెండు కూర ప్యాకెట్లు. పిల్లలు నూడుల్స్ తింటున్నారు. అది చూసి మాలో ఒకామె ఊకోలేదు. "కూర ప్యాకెట్లకు పైసలుంటయి గానీ కిస్తుకుండవా?" అని పిల్లల ముందరే అన్నది.

ఆ అక్క ఎదురు మాట్లాడలేదు. బియ్యం డబ్బా మూత తీసి చూపించింది. బియ్యం ఉన్నాయి. పప్పు డబ్బా చూపించింది, ఖాళీ. "పొద్దున ఆరింటికి పోయి, పత్తి ఏరి, ఏడింటికి వస్త. పొయ్యి ముందర నిలబడే పానం ఉండదక్కా. పిల్లలు ఆకలైతుందంటే చేతికందింది తెస్త" అన్నది. మేము మాట లేకుండా తిరిగి వచ్చినం. తెల్లారి ఆ మాట అన్నామె మా దగ్గరికి వచ్చి, "మా ఇంట్ల కూడా వారంల మూడు రాత్రులు గదే కథ" అని చెప్పుకుంది. తర్వాత ఆ అక్క దగ్గరికి పోయి తప్పయిందని కూడా అన్నది. అది అనకపోతే ఇప్పుడు మేము ఈ మైకు పట్టుకునేవాళ్లం కాదు.

ఆ తర్వాతి మీటింగులో అప్పుల లెక్క పక్కకు పెట్టి, ఏడు రాత్రుల లెక్క రాసినం. ఏ రాత్రి ఏం వండినం, ఏం కొన్నం, ఎంతైంది. మినిట్స్ బుక్కు వెనక పేజీలో వీవోఏ రాసింది. సిగ్గుపడకుండా చెప్పాలని ఒట్టు పెట్టుకున్నం. ఆ అక్క లెక్క ఇట్ల వచ్చింది: వారంలో నాలుగు రాత్రులు రెండేసి కూర ప్యాకెట్లు, ఒక్కోటి 40 రూపాయలు, అంటే 320. పిల్లలకు సాయంత్రం చిప్సు ప్యాకెట్లు, బిస్కెట్లు రోజుకు 20, అంటే 140. మొత్తం వారానికి 460. నాలుగు వారాలకు 1,840. ఆమె నెల కిస్తు 2,000 రూపాయలు. ఆమె ఆ పైసలను ఎన్నడూ ఒక్కచోట చూడలేదు, చిల్లర చిల్లరగా పోయినయి. మిగతా పది మంది లెక్కలు కూడా ఏమంత గొప్పగా లేవు, ఆ పేజీని మళ్లీ చదవమంటే మాకు కష్టమే.

లెక్క అయినంక బీడీలు చేసే చెల్లె ఒక ప్రశ్న అడిగింది. "ఇంట్ల అందరు ఏం తిన్నరో రాసినం. మరి మనం ఏం తిన్నం?" అన్నది. అందరం చప్పుడు చేయలేదు. ఒకామె "అడుగంటింది తిన్న" అన్నది. ఒకామె "అన్నంల ఇంత కారం, నూనె" అన్నది. ఇంకొకామె "ఆకలి కాలే" అన్నది, కానీ రోజంతా వంగి పత్తి ఏరినామెకు ఆకలి కాకపోవడమేంటి? కూర అందరికీ వడ్డించి, చివరకు గిన్నెలో మిగిలింది మన వంతు. మిగలకపోతే లేదు. అది మాకు ఎంత అలవాటైందంటే, అడిగేదాకా అది ఒక సంగతి అని కూడా అనిపించలేదు.

ఆశా అక్క చెప్పింది రాసుకున్నాము, చదువుతాము. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. కడుపుతో లేని ఆడమనిషికి హిమోగ్లోబిన్ కనీసం 12 ఉండాలి. మాలో ఇద్దరికి 9 కూడా లేదు. ఒకామె చేనులో కండ్లు తిరిగి కూలబడితే ఎండదెబ్బ అనుకున్నం.

ఇక వండుకునే సంగతికి వస్తాము. మొదలు బియ్యం.

మన తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోలు వస్తాయి. ఐదుగురున్న ఇంటికి 30 కిలోలు, అంటే రోజుకు ఒక కిలో. కష్టం చేసే ఇంటికి రెండు పూటలా సరిపోవు గానీ రాత్రి వంటకు, పొద్దటి సద్దికి సరిపోతాయి. దొడ్డు బియ్యం వచ్చిన రోజుల్లో మాలో చాలామందిమి కిలో 10 రూపాయల చొప్పున ఆటోవాళ్లకు అమ్మినోళ్లమే. అమ్మొద్దని తెలుసు, అయినా అమ్మినం. 30 కిలోలకు 300 వచ్చేవి, దానికి వెయ్యి పైన కలిపి ఇంకో బస్తా సన్నబియ్యం కొనేవాళ్లం. 2025 ఏప్రిల్ నుంచి రేషన్‌లోనే సన్నబియ్యం ఇస్తుండటంతో ఆ పని ఆగింది. కొత్త బియ్యం వచ్చిన నెల అన్నం ముద్దయితుంది, అది నిజం. ఆ నెల నీళ్లు తగ్గించి పోయాలి, లేదంటే ఆ బియ్యాన్ని కిచిడీకి, పెరుగన్నానికి వాడుకోవాలి. ముద్దయితేనే వాటికి బాగుంటుంది.

రేషన్ బియ్యంలో అక్కడక్కడ కొన్ని గింజలు వేరే తీరుగా కనిపించేవి, కడిగితే పైకి తేలేవి. ప్లాస్టిక్ బియ్యమని మేము ఏరి కోళ్లకు వేసినం. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యప్పిండితోనే చేసిన గింజలంట, నూటికి ఒకటి చొప్పున కలిపిండ్రంట. మాకు రక్తం లేకపాయె, మా కోళ్లకు ఐరన్ పెడితిమి! ఆశా అక్క ఇది చెప్పిన రోజు నవ్వాల్నో ఏడ్వాల్నో తెలవలేదు.

2025 జూన్‌లో మూడు నెలల బియ్యం ఒకేసారి ఇచ్చినప్పుడు ఐదుగురి ఇంటికి 90 కిలోలు వచ్చినయి. ఆగస్టు నాటికి సగం ఇండ్లలో పురుగు పట్టింది. పట్టని ఇండ్లలో ఏం చేసిండ్రంటే, నీడకు ఆరబెట్టి, ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేసి, మూత బిర్రుగా ఉన్న డ్రమ్ములో పోసిండ్రు. సంచిలో గోడకు ఆనిచ్చి పెట్టినవన్నీ చెడిపోయినయి.

తర్వాత పప్పు. మేము కందిపప్పు తప్ప పప్పు లేదనుకునేవాళ్లం. కందిపప్పు పిరమైనప్పుడు పప్పే మానేసి చారు నీళ్లతో గడిపినం. ఎర్రపప్పు, అదే మైసూరు పప్పు, కందిపప్పు కంటే తక్కువ ధరకు దొరికింది. నానబెట్టకున్నా తొందరగా ఉడుకుతుంది, గ్యాసు కూడా మిగులుతుంది. మొదటిసారి వండితే మా ఇండ్లలో "గిదేం వాసన?" అన్నారు. వెల్లుల్లి ఎక్కువ వేసి, చింతపండు కాకుండా టమాట వేసి పోపు పెడితే ఆ మాట ఆగింది. కంది, ఎర్రపప్పు సగం సగం కలిపితే అసలు తేడానే కనపడదు. మా మామలు ఇప్పటికీ కందిపప్పే అనుకుంటున్నారు. దయచేసి ఈ పుస్తకం మా ఇంట్లో ఎవరూ చదవకుండా చూడండి.

మా అందరి ఇండ్లల్లో నిలబడ్డ వంట కిచిడీ, పచ్చిపులుసు. ఏడింటికి ఇంటికి వచ్చి ఏడున్నరకు పెట్టొచ్చు. పొద్దున పోయేటప్పుడే నిమ్మకాయంత చింతపండు నీళ్లలో వేసి పోవాలి, సాయంత్రం వేడినీళ్ల కోసం చూసే పని ఉండదు. వచ్చి మూడు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు ఎర్రపప్పు కడిగి పెట్టి, కాళ్లూ చేతులూ కడుక్కొని వచ్చేసరికి అవి నానుతాయి. కుక్కర్లో రెండు చెంచాల నూనె, జీలకర్ర, ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు, పసుపు. నీళ్లు ఎనిమిది గ్లాసులు, కొత్త బియ్యమైతే ఏడు. మూడు విజిల్స్. అవి వచ్చేలోపు పచ్చిపులుసు అయిపోతుంది, దానికి ఉడకబెట్టే పని లేదు. కాల్చిన పచ్చిమిరపకాయలు, ఉప్పు, జీలకర్ర, ఉల్లిగడ్డ ముక్కలు చేత్తో గట్టిగా పిసికి, చింతపండు రసం, నీళ్లు పోసి, చిటికెడు బెల్లం వేయాలి. ఆదివారం వేయించి దంచి పెట్టుకున్న నువ్వుల పొడి రెండు చెంచాలు కలిపితే రుచి వేరు. ఐదుగురికి మొత్తం ఖర్చు 50 రూపాయల లోపే వచ్చింది, బియ్యం రేషన్‌వి కాబట్టి. అంటే ఒక కూర ప్యాకెట్టుకు కొంచెం ఎక్కువ.

ఆకుకూరల గురించి కొంచెం ఎక్కువ చెప్తాము, ఎందుకంటే ఇందులో ఒక ప్రమాదం ఉంది. గంగవాయిలి కూర, పుంటికూర, చెట్టు మీది మునగాకు మనకు కొనే పని లేదు. గంగవాయిలి వేసిన పప్పు మా అమ్మల కాలం నుంచి తింటున్నదే. కానీ ఇప్పుడు పత్తి చేన్లలో గడ్డిమందు, పురుగుమందు కొడుతున్నారు. కూలికి పోయినప్పుడు ఒడిలో తెంపుకొని వచ్చే అలవాటు మనకుంది. మందు కొట్టిన చేనులో కూర తెంపొద్దు. ఎంత కడిగినా నమ్మొద్దు. పెరట్లో రెండు మడులు చేసుకొని, బోలు కడిగిన నీళ్లు, సబ్బు లేనివి, అటు మళ్లించుకుంటే ఇంటికి సరిపోతుంది. మునగాకు లేతది ఒక పిడికెడు పప్పులో వేస్తే పిల్లలకు తెలవదు. ముదురాకు ఎక్కువ వేస్తే చేదయి, తెల్లారి నుంచి మునగ పేరెత్తితేనే లేచిపోతారు. మేము చేసి చూసినం.

ఆకుకూరలో ఐరన్ ఒంటికి పట్టాలంటే పక్కన పులుపు ఉండాలంట. పైన ఒక నిమ్మచెక్క పిండుకుంటే చాలు. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఐరన్ సరిగా పట్టదు. ఇది మాకు అన్నిటికన్నా కష్టమైన మాట. రాత్రి అన్నం తిని గిన్నెలు కడిగినంక ఒక గుక్కెడు టీ తాగుతూ కూసునే ఆ పది నిమిషాలే మనవి. అందుకే మానేయమని మేము ఎవరికీ చెప్పలేదు. అన్నానికీ టీకీ నడుమ ఒక గంట ఉంచమన్నాము. కొందరు ఉంచుతున్నారు, కొందరు ఉంచట్లేదు.

గుడ్ల దగ్గర మాకు పెద్ద చర్చ జరిగింది. ఐదుగురికి ఐదు గుడ్లు కొనలేని రోజు ఏం చేస్తాము? మూడు తెచ్చి మొగోళ్లకు, కొడుకుకు పెడతాము. బిడ్డకు సగం. మనకు పులుసు. మా మిషన్ కుట్టే చెల్లె ఉపాయం చెప్పింది: ఉడకబెట్టి గుండ్రంగా వడ్డిస్తేనే కదా ఎవరికెన్ని అనే లెక్క వచ్చేది. రెండు ఉల్లిగడ్డలు, మూడు టమాటలు మగ్గనిచ్చి, మూడు గుడ్లు కొట్టి అందులో పోసి కలిపితే అందరి కంచంలో అందరికీ వస్తుంది. అంగడిలో పొద్దుగూకినంక మెత్తబడ్డ టమాటలు కుప్పకింతని అగ్గువకు ఇస్తారు, అవి దీనికి బాగుంటాయి. అయితే ఒక పెద్దామె ఒప్పుకోలేదు. "కలిపి దాచిపెట్టుడెందుకు, నాకూ ఒక గుడ్డు కావాలె అని అడగాలె" అన్నది. ఆమె మాటా నిజమే. ఆమె ఇంట్లో ఆమె అడుగుతుంది. మేము ఇంకా కలిపే వండుతున్నాము.

బియ్యప్పిండితో సర్వపిండి చాలామందికి తెలుసు కాబట్టి వివరం చెప్పము. నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు వేసుకుంటే పిల్లలకు సాయంత్రం చిప్సు ప్యాకెట్ల జాగాలో అదే పెట్టొచ్చు. ఆ అక్క పిల్లలు ఇప్పుడు బడి నుంచి వచ్చి గిన్నె మూత తీసి చూస్తున్నారు. జొన్నరొట్టె, రాగులు తినమని మీటింగుల్లో మేడమ్‌లు, సార్లు చెప్తుంటారు. మంచిదే. కానీ రేషన్ బియ్యం ఊరికే వస్తుంటే జొన్నలు కొనడానికి చేతికి పైసలు ఆడవు. జొన్న పండించే ఇండ్లు మా ఊళ్లో రెండో మూడో మిగిలినయి. రేషన్‌లో బియ్యంతో పాటు జొన్నలిస్తే తింటామని మా సంఘం తీర్మానం రాసి గ్రామ సమాఖ్యకు ఇచ్చింది.

ఇక మేము కలిసి సరుకులు కొన్న కథ. ఒక్కొక్కరం కిరాణంలో పావుకిలో, అర్ధకిలో ఖాతా మీద తెచ్చుకుంటే ధర ఎక్కువ పడుతుందని, 11 ఇండ్లకు కలిపి పట్నం పోయి హోల్‌సేల్‌లో తెద్దామనుకున్నాం. మొదటిసారి ఒక పెద్ద దుకాణంలోకి పోయి ఆగమైనం. అక్కడ ఒకటి కొంటే ఒకటి ఉచితమని బిస్కెట్లు, సబ్బులు, సేమ్యాలు పేర్చి పెట్టి ఉన్నాయి. పప్పు కోసం పోయి, లిస్టులో లేని వాటికే 600 పెట్టి వచ్చినం. రెండోసారి చేతిలో రాసుకున్న కాగితం, లెక్క ప్రకారం పైసలే తీసుకొని ఇద్దరమే పోయినం. 25 కిలోల ఎర్రపప్పు బస్తా, నూనె డబ్బా, చింతపండు, పల్లీలు తెచ్చినం. పప్పు మీద కిలోకు 14 రూపాయలు మిగిలినయి. ఆటో కిరాయి పోగా 9.

కానీ పంచేటప్పుడు గొడవైంది. బస్తాలో 25 కిలోలుంటే రెండేసి కిలోల చొప్పున 11 ఇండ్లకు 22, మిగతా మూడు కిలోలు తలా ఇంత అనుకున్నం. తూచి తూచి ఇచ్చేసరికి మొగ్గులో, తరుగులో ముప్పావు కిలో దాకా తేడా వచ్చింది. ఆఖరున ఉన్నామెకు తక్కువైంది. ఎవరు తిన్నరనే మాట కూడా వచ్చింది. ఆ రాత్రి సంఘం విరిగిపోతదేమో అనిపించింది. ఇప్పుడు బస్తా విప్పగానే అందరి ముందర మొత్తం ఒకసారి తూచి, వచ్చిన బరువును 11తో భాగించి ఇస్తున్నాము. తూచేది ఒకరు, రాసేది ఇంకొకరు. తూచినామె తన వంతు చివర తీసుకుంటుంది. ఈ పద్ధతి పెట్టినంక మాట రాలేదు. చింతపండుకు కూడా మొదటిసారి బూజు వచ్చింది. తడి చేత్తో తీయడమే కారణం. గింజలు, ఈనెలు తీసి, ఎండబెట్టి, ఉప్పు కలిపి జాడీలో పెట్టినంక ఆగింది.

ఆ అక్క మూడు కిస్తులూ కట్టింది. ఒకేసారి కాదు, ఐదు నెలల్లో. పత్తి రోజుల్లో ఇప్పటికీ వారానికి ఒక రాత్రి కూర ప్యాకెట్టు తెస్తుంది, మేము ఏమీ అనము. ఒంట్లో చాతగాని రోజు ఒకటి ఉంటుంది ఎవరికైనా. మరో మాట, ఆమె భర్త ఇప్పుడు ఆమె కంటే ముందు ఇంటికి వస్తే బియ్యం, పప్పు కడిగి పెడుతున్నాడు. కుక్కర్ పెట్టడం మాత్రం నాకు భయమంటాడు. మా ఇండ్లలో మొగోళ్లకు ఆ బియ్యం కడిగే సంగతి చెప్పి చూస్తున్నాం, ఇంకా ఫలితం రాలేదు.

హిమోగ్లోబిన్ 9 లోపున్న ఇద్దరూ పీహెచ్‌సీలో ఇచ్చిన ఐరన్ గోలీలు వేసుకుంటున్నారు. తిండితో ఒక్కదానితో అది పెరగదని డాక్టరమ్మ చెప్పింది, గోలీలు మానొద్దన్నది. ఒకామెకు ఇప్పుడు 10 దాటింది. రెండో ఆమె మలం నల్లగా వస్తుందని భయపడి నడుమల ఆపేసింది. ఐరన్ గోలీలకు అట్లనే అవుతుందని చెప్పి మళ్లీ మొదలుపెట్టించినం.

మీటింగు మొదట్లో ఇప్పుడు మేము ఒక ప్రశ్న అడుగుతున్నం, పొదుపు డబ్బులు తీయకముందే. "నిన్న రాత్రి నువ్వేం తిన్నవు?" అని. పక్కనున్నామెను అడగాలి, ఆమె చెప్పాలి. మొదట్లో అబద్ధాలు చెప్పినం. ఇప్పుడు తక్కువ చెప్తున్నం.

ఇంకొక్క విషయం చెప్పి కూసుంటాము. మన మండలంలోనే కంది పండించే అక్కలున్నారు. పత్తిలో సాళ్లు వేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లు కందులు దళారికి అమ్ముకుంటారు, మనం అదే పప్పు ప్యాకెట్లో కొంటాము. ఈసారి కందులు ఇంటికి రాగానే వాళ్ల దగ్గర నేరుగా కొని, ఇసుర్రాయి ఉన్న ఇండ్లలో పప్పు చేసి పంచుకుందామని మా ఆలోచన. మా 11 ఇండ్లకు రెండు క్వింటాళ్లు కావాలి. దానికి చేతిలో డబ్బు ఒకేసారి పెట్టాలి, ఆ అప్పు సమాఖ్య నుంచి ఏ వడ్డీకి ఇస్తారో, ధర ఎవరు కట్టాలో ఇంకా తేలలేదు. అధ్యక్షురాలు గారిని ఈరోజే అడుగుతున్నాము. కందులు అమ్మదలచిన అక్కలు, కొనదలచిన సంఘాలు భోజనాల దగ్గర మా వీవోఏకు పేరు రాయించండి. ఆకుపచ్చ చీరలో, పప్పు గరిటె పట్టుకొని వడ్డిస్తున్నది ఆమెనే.